పడుగు పొడవు నడక

మా పెదనాన్న వయసులో ఉన్నప్పుడు చీరాల వీధుల్లో పడుగులకు గంజి పెట్టినవాడే. వీధి పొడవునా సాగదీసి కట్టిన నూలు పక్కన, కుంచె పట్టుకుని ఆ చివరికీ ఈ చివరికీ నడవడమే ఆ పని. తర్వాత బట్టల షావుకారై, ఏళ్ల తరబడి కొట్లో పరుపు మీంచి కదల్లేదు. నేను ఎస్సెల్సీ చదివేనాటికి చక్కెర జబ్బు ముదిరి ఆయన పాదాలు మొద్దుబారాయి. రోజూ పొద్దున్నే మైలో రెండు మైళ్లో నడవమన్నాడు డాక్టరు.

పని లేకుండా నడవడం ఆయనకు సిగ్గు. "ఏం షావుకారుగారూ, ఎందాకా?" అని ఎవరైనా అడుగుతారేమోనని భుజాన ఖాళీ సంచీ వేసుకునేవాడు. వీధిలో పడుగు ఎంతమేర సాగుతుందో అంతమేరే వెళ్లి, వెనక్కి తిరిగేవాడు. చెయ్యి మాత్రం కుంచె పట్టినట్టే కదిలేది.

"ఇంకాస్త ముందుకి పోకూడదూ?" అని పెద్దమ్మ బతిమాలేది.

"పడుగు అయిపోయింది గదే. ఇంకెక్కడికి పోను?" అనేవాడు.

ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది. ఒకరోజు నేనే చెయ్యి పట్టుకుని వేటపాలెం రోడ్డు వైపు లాక్కెళ్లాను. నాలుగడుగులు వేసి ఆగిపోయాడు.

"వద్దురా అబ్బాయ్, కాళ్లు రావట్లేదు" అని నడివీధిలో ఏడ్చాడు.

ఏడాది తిరక్కుండానే కుడికాలికి పుండు పడింది. మోకాలి దాకా తీసేశారు.

ఆ తర్వాత రోజంతా అరుగు మీదే కూర్చునేవాడు. వీధిలో పడుగు పనివాళ్లు చివరిదాకా వెళ్లి వెనక్కి తిరిగినప్పుడల్లా, అరుగు మీంచి వేలాడుతున్న ఆ ఒక్క పాదం కూడా వాళ్లతోపాటే ఇటు తిరిగేది.