మల్లేశం ఫోన్ నా సొరుగులో ఉండగా

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. కోరుట్లలో నన్నెరిగినవాళ్లు నేను చెప్పేదాంట్లో సగమే నమ్ముతారు, అది వేరే సంగతి.

గల్ఫ్‌లో ఒక నిర్మాణ కంపెనీ కంప్లయెన్స్ విభాగంలో చాలా ఏళ్లు చేశాను. ప్రమాదం జరిగితే కారణం తేల్చి రిపోర్టు రాయడం నా పని. నా సంతకం లేనిదే క్రేను కదిలేది కాదని ఇక్కడ చెప్పుకునేవాణ్ణి. నిజానికి నాది మూలన ఒక టేబుల్. మేనేజరు చెప్పిన కారణాన్నే టైపు చేసేవాణ్ణి. "కార్మికుడి అజాగ్రత్త" అన్న మాట ఫారంలో ముందే ఉండేది. పేరు, తేదీ మారిస్తే చాలు.

ఒకరోజు పొద్దున పది గంటలకు రాయికల్ వైపు మనిషి మల్లేశం పరంజా మీంచి పడ్డాడు. నేను వెళ్లేసరికే ప్రాణం పోయింది. పద్ధతి ప్రకారం అతని ఫోన్ ఆపేసి, సంచిలో పెట్టి సీలు వేసి, నా సొరుగులో ఉంచి తాళం వేశాను. స్టోర్‌కీపర్ రజాక్, జగిత్యాల మనిషి, సాక్షి సంతకం చేశాడు.

సేఫ్టీ బెల్టు కొక్కెం పరంజాకు తగిలించుకోలేదు, తప్పు మల్లేశందే అన్నాడు మేనేజరు. అలా రాస్తే అతని భార్యకు పరిహారం రాదు. తెలిసే టైపు చేశాను.

పన్నెండున్నర దాటాక టేబుల్ మీది ఫోన్ మోగింది.

"సార్, మల్లేశం భార్యను, రాజవ్వను. ఆయన బెల్టు కొక్కెం పడుతలేదట, స్ప్రింగు వోయిందట. ఆఫీసుల సార్‌కు చెప్పుమని గీ నంబరిచ్చిండు."

"ఎప్పుడు చెప్పిండమ్మా?"

"గిప్పుడే సార్. బీడీలు కార్ఖానల అప్పజెప్పి ఇంట్ల కాలు వెట్టిన, ఫోనచ్చింది. జర కొత్త బెల్టు ఇప్పియ్యుండ్రి."

ఇస్తానన్నాను. అతను పోయాడన్న మాట చెప్పకుండానే ఫోన్ పెట్టేశాను. అప్పుడు మన దగ్గర రెండు దాటింది. గంటన్నర తేడాను వేళ్ల మీద మూడుసార్లు లెక్కపెట్టాను.

సొరుగులో ఫోన్ దానంతటదే వెలిగిందని చాలాకాలం చెప్పాను. వెలగలేదు. రజాక్‌ను పిలిచి సొరుగు తెరిచి, సంచిని చేతిలోకి తీసుకున్నాను. వేసిన సీలు వేసినట్టే ఉంది.

"ముందుగాల నీళ్లు తాగు భాయ్. మొఖం సున్నం గొట్టినట్టయింది," అన్నాడు రజాక్.

ఇద్దరం వెళ్లి బెల్టు చూశాం. కొక్కెం పైకి బాగానే ఉంది. నొక్కి వదిలితే మూసుకోలేదు. లోపల స్ప్రింగు లేదు.

రిపోర్టు మార్చాను. మేనేజరు ముందు టేబుల్ గుద్దానని చెబుతుంటాను గానీ, గుద్దలేదు. నేరుగా పై ఆఫీసుకు పంపేసి, జ్వరమని రెండు రోజులు ముసుగుతన్ని పడుకున్నాను. రాజవ్వకు పరిహారం అందింది.

సెలవుకు వచ్చినప్పుడు రాయికల్ వెళ్లాను. ఆమె ఆ రోజు నుంచి వాడకుండా దాచిన ఫోన్ తెచ్చి చూపింది. రెండు దాటాక మల్లేశం నంబరు నుంచి వచ్చిన కాల్ ఉంది. నాకు చేసిన కాల్ ఉంది. ఆ వెంటనే అతనికి మళ్లీ చేసింది, రెండు నిమిషాలు.

"కొత్తది ఇస్తరట అని చెప్పిన సార్. 'ఆ సార్ మన దిక్కోడే, ఇస్తడు' అన్నడు."

ఆ రెండు నిమిషాలూ మల్లేశం ఫోన్ నా చేతిలోనే ఉంది.

"కాయితంల మాత్రం పదింటికే పాణం వోయిందని రాసిన్రు," అంది రాజవ్వ. "టైము తప్పు వడ్డది సార్."

పదింటికి ఆ శవం పక్కన కూర్చున్నది నేనే.

"అవునమ్మా, తప్పు రాసిన," అన్నాను. ఆమెతో మాట్లాడింది ఎవరో నాకు ఈనాటికీ తెలియదు.