ఏసోబు బావ పెట్టే కళ్లు

మా పల్లె మనుషుల నోళ్లు మంచివి కావు. ఇక్కడే పుట్టి పెరిగిన శాంతిని, నేనే అంటున్నాను ఈ మాట. మా అక్క సువార్త మొగుడు ఏసోబు బావ పెన్సిలు పట్టుకుని వీధిలోకి వస్తే చాలు, గడపల్లో కూర్చున్న ఆడవాళ్లు మొహాలకు కొంగు అడ్డం పెట్టుకునేవారు. బావ పోయినవాళ్ల బొమ్మలు గీసేవాడు. ఆయన చేసిన పాపం అంతే.

పొదిలి చుట్టుపక్కల మా కూలి జనంలో ముసలివాళ్లకు సరైన ఫొటోలుండవు. ఆధార్ కార్డు మీది మొహాన్ని కన్నకొడుకు కూడా గుర్తుపట్టడు. అందుకని మనిషి పోగానే బావకు కబురొచ్చేది. శవపెట్టె మూయకముందే వెళ్లి, పక్కన కూర్చుని మొహం గీసుకునేవాడు. కళ్లు మాత్రం వదిలేసేవాడు. జ్ఞాపకార్థ కూడిక నాడు పాస్టరుగారి ప్రార్థన అయ్యాక, ఇంటిల్లిపాదీ చూస్తుండగా, చివర్న కళ్లు పెట్టేవాడు. అప్పుడు అందరూ ఘొల్లుమనేవాళ్లు. మూసుకున్న రెప్పల వెనక ఎలాంటి కళ్లున్నాయో ఆయనకేం తెలుసు? అందరికీ ఒకే రకం కళ్లు, చల్లగా, కొంచెం కిందికి చూస్తున్నట్టు పెట్టేవాడు. మా పల్లెలో ఏ గోడ మీద చూసినా పోయినవాళ్లు అవే కళ్లతో చూస్తుంటారు. ఎవరూ తప్పు పట్టలేదు.

"కళ్లు తెరిచి నావంక చూసే మొహం ఒక్కటి గీస్తే చాలు శాంతీ" అనేవాడు బావ. ఎవరు కూర్చుంటారు? బావ గీస్తే ఆ మనిషి పోతాడని ఏ పాపిష్ఠి నోరు పుట్టించిందో గానీ ఊరంతా నమ్మింది. నన్నూ అడిగాడు. పిల్లలు గలదాన్ని, నావల్ల కాదన్నాను. మా అక్కయితే నన్ను కూడా పంపించేద్దామనా అని నవ్వేది గానీ, ఒక్కనాడూ కూర్చోలేదు. గుండె జబ్బుతో అది పోయాక దానికీ ఆ కళ్లే పెట్టాడు. ఇన్నేళ్లు కాపురం చేశావు, పెళ్లాం కళ్లు గుర్తులేవా బావా అని అడిగాను. పెన్సిలు పట్టుకుంటే చెయ్యి అటే పోయిందన్నాడు.

మొన్న ఈస్టరు ముందు శ్రమల దినాల్లో, మిరపకోతలు ముగుస్తున్నప్పుడు, సంచిలో కాగితాలు, పెన్సిళ్లు సర్దుకుని ఒక్కడే చీరాల పోయాడు. తోటలూ సముద్రమూ గీసుకుని వస్తానన్నాడు. ముసలాడికి షికార్లు కావలసొచ్చాయని మావాళ్లు పళ్లికిలించారు. తనెవరో తెలియని చోటు వెతుక్కుంటున్నాడని నాకు తెలుసు.

అక్కడ సముద్రం ఒడ్డున ఇసుక నేలల్లో జీడిమామిడి తోటలు. పళ్లు ఎర్రగా మాగి రాలుతున్నాయట. సరుగుడు చెట్లు గీశాడు. ఒడ్డుకు లాగిన పడవలు గీశాడు. అలలు గీయబోతే అవి కుదురుగా ఉండవుగా, విసుక్కుని ఒక తోటలోకి వచ్చాడు. ఆ తోట కౌలుకు చేస్తున్న బాపయ్య భార్య రాజ్యం, రాలిన పళ్లు ఏరి గింజలు వేరు చేస్తోంది. బొమ్మలు చూపించమని అడిగి చూసింది. చెట్లు భలే ఉన్నాయి, నన్ను కూడా గీస్తావా పెద్దాయనా అని తనంతట తానే అడిగింది. ఈ మాట బావ నాకు రెండుసార్లు చెప్పాడు.

ఆమెను చెట్టు కింద కూర్చోబెట్టాడు. ఆమె ఊరుకునే రకం కాదు. కోడలి మీద చాడీలు చెబుతుంది, నవ్వుతుంది, మధ్యలో ఉడతల్ని అదిలిస్తుంది. బావ నుదురు గీశాడు, ముక్కు గీశాడు, ముక్కుపుడక, పెదవులు, మెడలో పూసలు కూడా గీశాడు. బుద్ధిలేని మనిషి! నిక్షేపంగా బతికున్న మనిషి ఎదురుగా కళ్లు తెరుచుకుని కూర్చుంటే, ముందు కళ్లు గీసుకోవద్దూ? ఎన్నాళ్ల అలవాటో అది. కళ్లు చివరికి వదిలేశాడు.

ఆ రెండు చోట్లూ ఖాళీగా ఉండగానే, రొయ్యల చెరువుల మీద పనికి పోయిన మా పల్లె ప్రభు బండి మీద ఆ దారిన వచ్చాడు. బావను చూసి బండి ఆపి కేకేశాడు.

"ఏసోబు మావా, ఇక్కడెవరు పోయారు?"

వాడికి తెలిసింది అంతే. బావ పెన్సిలు పట్టుకుని కూర్చున్న చోట శవం ఉండాలి. రాజ్యానికి అర్థం కాక ఏంటని అడిగింది. ఆ వెధవ పూసగుచ్చినట్టు చెప్పాడు. మా మావ చేతిలో పడితే ఇక అంతేనని గొప్పగా కూడా చెప్పాడు. రాజ్యం లేచి, కాగితం చింపెయ్యాలని చెయ్యి చాచింది. చింపితే ఇంకేం ముంచుకొస్తుందోనని మళ్లీ వెనక్కి తీసుకుంది. బావ వంకే చూస్తూ రెండు చేతులూ జోడించింది.

"కళ్లు పెట్టమాక పెద్దాయనా, నీకు దణ్ణం పెడతా."

బావ పెట్టలేదు. కాగితం సంచిలో దోపుకుని ఇంటికొచ్చేశాడు. మూడు పూటలు అన్నం ముట్టలేదు.

రోహిణి కార్తెలో రాజ్యం ఆ తోటలోనే వడదెబ్బ తగిలి పోయింది. ఎండకు పోయిందయ్యా! ఆ ఎండలకు ఎంతమంది పోలేదు? మావాళ్లకు అదేం పట్టలేదు. ప్రభు ఫోన్లో చెప్పీ చెప్పకముందే, మేమనలేదూ అంటూ పండగ చేసుకున్నంత పని చేశారు.

ప్రభును ఊరు అడిగి తెలుసుకుని బాపయ్య వచ్చాడు. కొట్టడానికొచ్చాడనుకుని నేను బావ గుమ్మానికి అడ్డం నిలబడ్డాను. ఆయన గొడవేం పెట్టుకోలేదు. పెద్దకర్మకు పెట్టడానికి ఫొటో లేదట, బొమ్మ పూర్తి చేసిమ్మన్నాడు.

"ఇంక కళ్లు పెట్టొచ్చుగా పెద్దాయనా" అన్నాడు.

బావ ఆ కాగితం తీసి కూర్చున్నాడు. ఈసారి చెయ్యి పాతదారిన పోలేదు. ఆఖర్న తనవంక చూసిన కళ్లను చూసింది చూసినట్టు గీశాడు. నేను తొంగిచూసి ఒక అడుగు వెనక్కేశాను. నేనెన్నడూ ఎరగని ఆ మనిషి, ప్రాణంతో, నిండా భయంతో, బావనే చూస్తోంది. బావ మొహం పెళ్లికొడుకు మొహంలా వెలిగిపోతోంది.

బాపయ్య వంగి చూశాడు.

"మా రాజ్యమే. కానీ ఇట్టా బెదిరిపోయి చూస్తందేంది? ఇది గోడకు పెట్టుకుని నేనెట్టా బతకను?" అన్నాడు. గోడ మీదున్న మా అక్క బొమ్మ చూపించాడు. "ఆ అమ్మకు పెట్టావే, ఆ కళ్లు పెట్టు."

బావ నా వంక చూశాడు. రబ్బరు తీసుకుని ఆ రెండు కళ్లూ చెరిపేశాడు. పొడి ఊదేసి, తలెత్తి చూడాల్సిన పని కూడా లేకుండా, అందరికీ పెట్టే కళ్లు పెట్టాడు.

అప్పుడు బాపయ్య ఘొల్లుమన్నాడు.