బీఏలో చేర్పించండమ్మా

మే నెలలో ఊరంతా నీడపట్టున ఉంటే మేం లెక్చరర్లం గడప గడపకూ తిరుగుతుంటాం. కాలేజీలో దీన్ని క్యాన్వాసింగ్ అంటారు. నేనైతే అడుక్కోవడం అంటాను. పిల్లలు సరిపడా చేరకపోతే గ్రూపు ఎత్తేస్తారు. గ్రూపు పోతే నాలాంటి కాంట్రాక్టువాడూ పోతాడు. నేను చెప్పేది బీఏలో చరిత్ర. ఇక నా గతి చెప్పాలా!

ఆ ఏడు బెల్లంపల్లిలో మాకంటే ముందే ప్రైవేటు కాలేజీలవాళ్లు బస్సుల ఫొటోలు చూపించి వెళ్లిపోయారు. మేం ఏ ఇంటికి పోయినా "కంప్యూటర్స్ ఉన్నదా సార్?" అనే మాటే. లేదనగానే మంచినీళ్లిచ్చి సాగనంపేవారు. వారం తిరిగేసరికి నా ఉద్యోగం పోవడం ఖాయమనిపించింది. ఈ వయసులో ఇంకో పని ఎవరిస్తారు?

చివరికి మా పొలిటికల్ సైన్స్ మేడం ఒక కబురు పట్టుకొచ్చింది. బొగ్గుబాయి కార్మికుల క్వార్టర్లలో ఒక అమ్మాయి ఉందట, బాగా చదువుతుందట, ఆమె ఏ గ్రూపంటే దోస్తులంతా అదేనట. మా దగ్గర ఆడపిల్లలు కాలేజీకి జట్టుగానే వస్తారు. ఆ ఒక్కతీ ఒప్పుకుంటే మా గ్రూపు నిలబడుతుంది. ఇద్దరం ఆటో ఎక్కాం.

వాళ్లమ్మ వాకిట్లో తొక్కు పెట్టడానికి మామిడికాయలు కొడుతోంది. "కూసోండ్రి సారూ. వాళ్ల బాపు ఫస్టు షిఫ్టుకు పోయిండు" అంటూ స్టూలు జరిపింది. మేం వచ్చిన పని చెప్పగానే కత్తిపీట పక్కన పెట్టి, "బీఏ సదివితే ఏమొస్తది సారూ?" అని అడిగింది.

ఈ ప్రశ్నకు నా దగ్గర వల్లెవేసిన జవాబుంది. "పేపర్ల రాసిందల్లా నమ్మకుంట, గీ మాట ఎవరన్నరు, ఎందుకన్నరు అని అడుగుడు వస్తదమ్మా. మనకు పడని మాటైనా ఆఖరిదాంక వినుడు వస్తది. పదిమందిల నిలవడి మాట్లాడుడు వస్తది."

"అడుగుడా? అయ్యో, మా పిల్లకు గదొక్కటి బగ్గనే ఉన్నది. వాళ్ల బాపును రోజూ సతాయిస్తది" అని ఆమె నవ్వింది.

అమ్మాయి తలుపు దగ్గర నిలబడి అంతా వింటోంది. అప్పుడు ముందుకొచ్చింది.

"సార్, మీకు పిల్లలున్నరా?"

"ఒక్క బిడ్డమ్మా."

"ఏం సదువుతున్నది?"

మేడం నేలచూపులు చూస్తోంది.

"హైదరాబాదుల ఇంజినీరింగు. కంప్యూటర్స్."

"మరి ఆమెను బీఏల ఎందుకు చేర్పియ్యలే సార్?"

ఆ అడగడంలో ఎగతాళి లేదు, పొగరు లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. ఇన్నేళ్లు పాఠాలు చెప్పాను, నా క్లాసులో ఒక్కరంటే ఒక్కరు నన్ను ఇట్లా నిలదీయలేదు. ఇట్లాంటి పిల్ల కోసమే కదా నేను ఇంత ఎండలో తిరుగుతున్నది!

"భయమైందమ్మా" అన్నాను.

"మా బాపుకు గూడ గదే భయం సార్" అంది మెల్లగా. మర్యాదగానే లోపలికి వెళ్లిపోయింది. వాళ్లమ్మ మళ్లీ కత్తిపీట ముందుకు జరుపుకుంది.

తిరుగు ఆటోలో మేడం ఉండబట్టలేక అడిగేసింది. "జర సంభాళించి చెప్పరాదా సార్? బిడ్డకు లెక్కలంటేనే ఇష్టమని చెప్తే ఏం పోతుండె?"

నాకు ఒళ్లు మండింది. "అబద్ధం చెప్పి చేర్పించుకుంటే, రేపు ఆ పిల్ల ముందర ఏ మొహం పెట్టుకొని క్లాసు చెప్పాలె మేడం?"

ఆమె చేతిలో మిగిలిన పాంప్లెట్లను బ్యాగులోకి కుక్కుకుంది.

"ఇగ చెప్పెతందుకు క్లాసేడిది సార్?" అంది.