అయిదు చుట్ల కట్టు

మొన్న ఇల్లు మారుతుంటే, సామాను ఎక్కించిన చిన్న లారీకి క్లీనరు తాడు కట్టాడు. కట్టడం అయ్యాక డ్రైవరు వచ్చి ఆ తాడును రెండు చేతులతో పట్టుకుని గుంజి చూశాడు. క్లీనరు ఏమీ అనుకోలేదు, తాపీగా బీడీ వెలిగించుకున్నాడు. గేటు దగ్గర కుర్చీలో ఉన్న నేను మాత్రం చటుక్కున లేచి నిలబడ్డాను. బీపీ మాత్ర వేసుకున్నావా తాతా అని మనవరాలు అడిగింది.

మా మేనమామ వాళ్ల పల్లెలో ఎవరైనా అలా గుంజి చూసి ఉంటే తలలు పగిలేవి. తోటపల్లి గూడూరు దాటి తూర్పుగా ఇసుకలో నడిస్తే, సముద్రం ఒడ్డున ఉండేది ఆ పల్లె. నేను ఎనిమిదో తరగతి రెండుసార్లు తప్పాక, చదివింది చాలు, పోయి చేపలు పట్టుకోమని మా అమ్మ నన్ను అక్కడికి తోలింది. నన్ను చూసి చేపలు నవ్వుకునే ఉంటాయి. అక్కడివాళ్లు వేటకు వెళ్లేది తెప్ప మీద. తెప్ప అంటే నాలుగైదు తేలిక దుంగలను పక్కపక్కన పెట్టి, ముందొక కట్టు, వెనకొక కట్టు వేసినది, అంతే. వేట నుంచి రాగానే కట్లు విప్పి దుంగలను ఇసుక మీద ఆరబెట్టి, మర్నాడు తెల్లవారుజామున మళ్లీ కట్టేవారు. ఒకరు వేసిన కట్టును ఇంకొకరు ముట్టి చూడకూడదు. చూస్తే, నువ్వు మగాడివి కాదు అని మొహం మీద అన్నట్టే. దానికి తగ్గ న్యాయం కూడా ఒకటి పెట్టుకున్నారు. వెనక కట్టు వేసినవాడే వెనక కూర్చోవాలి. తప్పు కడితే వాడే మునుగుతాడు.

అరవైల మొదట్లో, ఒక కార్తీకంలో నాకు పదహారు నిండాయి. అప్పటికి రెండేళ్లుగా వలలు మోస్తున్నాను. ఒక పొద్దున మామ తాడు నా చేతిలో పెట్టి, "ఈ పొద్దు ఎనక కట్టు నువ్వెయ్యి" అన్నాడు. ఆయన రోజుకు పది మాటలు మాట్లాడే మనిషి. అందులో నాలుగు కూరలో ఉప్పెక్కువైందని అత్తతో చెప్పడానికే సరిపోయేవి. నాకు ఒళ్లు పొంగిపోయింది. సముద్రం తీరు మాత్రం బాగాలేదు. గాలి లేకపోయినా అల చాలా దూరంలోనే లేచి విరుగుతోంది. నీళ్లు కుడితి రంగులో ఉన్నాయి. చేపల కోసం ఒడ్డున కొట్లాడే కాకులు ఒక్కటీ రాలేదు. చద్దన్నం ముంత ఇస్తూ రోజూ సణిగే అత్త ఆ రోజు సణగలేదు. పల్లె మొత్తంలో ఇంకో రెండు తెప్పలే బయలుదేరాయి.

కట్టుకు ఏడు చుట్లు వెయ్యాలి. అయిదో చుట్టుకు నా అరచెయ్యి చిట్లింది. ఆ రెండు తెప్పలూ అప్పటికే అల దాటుతున్నాయి. మొదటిరోజే వెనకబడితే నవ్వుతారని, మిగిలిన తాడును మడిచి దుంగల సందులోకి కుక్కి, ఏడు చుట్లూ ఉన్నట్టే కనబడేలా ముడేశాను. వెనక కూర్చునేది నేనే కదా, నా చావు నేను చస్తానులే అనుకున్నాను. పదహారేళ్లవాడికి చావంటే అంత చులకన.

మామ సముద్రం వైపు చాలాసేపు చూశాడు. "అల పెద్దదిగా ఉండాది. ఎనక నేను కూర్చుంటా. నువ్వు ముందుకు పో అబ్బయా" అన్నాడు. నా కోసం ఆయన కట్టుబాటు తప్పాడు. అప్పుడు చెప్పాలి. నోరు తెరిచాను కూడా. చెబితే ఇంకో ఏడాది చిన్నపిల్లలతో వలలు మోయాలి, పల్లెంతా నవ్వుతుంది. నోరు మూసుకుని వెళ్లి ముందు కూర్చున్నాను. ఆయన కట్టు వైపు చూడనైనా చూడలేదు.

అల దాటాం. వల వేసి ఎంతోసేపు కాలేదు, ఉత్తరాన ఆకాశం నల్లబడింది. తెప్పలో చప్పుడు మొదలైంది, దుంగకు దుంగ రాసుకునే చప్పుడు. అల అలకూ అది పెరుగుతోంది. నేను వెనక్కి తిరగలేదు. తిరిగితే ఆయన మొహం చూడాలి. కాసేపటికి వెనక వైపు ఉన్నట్టుండి తేలికైంది. భయపడి తిరిగితే మామ నీళ్లలో ఉన్నాడు. విడిపోతున్న దుంగల కొసలను రెండు చేతులతో కావలించుకుని, మెడలోతున వేలాడుతున్నాడు. వల ఎప్పుడు వదిలేశాడో తెలియదు.

"నన్ను చూడబాక. ఒడ్డును చూసి తెడ్డెయ్యి" అన్నాడు.

ఎంతసేపు వేశానో చెప్పలేను. ప్రతి అలకూ దుంగలు విడివడి మళ్లీ దగ్గరకొచ్చి కొట్టుకునేవి, ఆయన చేతులు మధ్యలో. ఒక్కసారి కూడా అరవలేదు. అరిచి ఉంటే నాకు కాస్త నయంగా ఉండేది. ఒడ్డు చేరేసరికి కుడిచేతి వేళ్లు నలిగిపోయాయి. నెల్లూరు ఆసుపత్రిలో రెండు వేళ్లు తీసేశారు.

ఒడ్డున అందరూ మూగి, వెనక కట్టు ఎవరిదని అడిగారు. నేను ఇసుక వైపు చూస్తున్నాను. "నాదే. తాడు పాతది, చూసుకోలా" అన్నాడు మామ. ఇన్నేళ్లు వేట చేసిన మనిషి ఇంత తెలివితక్కువ పని ఎట్లా చేశాడని పల్లె నెలల తరబడి చెప్పుకుంది. ఆ మాటలు పడింది ఆయన. సిగ్గుతో చచ్చింది నేను. గాయం మానాక ఒక పొద్దున ఆయన తాడు తెచ్చి నా ఒళ్లో పడేసి, తెడ్ల కోసం వెళ్లిపోయాడు. నేను ఏడు చుట్లూ వేశాను. తిరిగొచ్చి, కట్టును ముట్టకుండా, కన్నెత్తి చూడకుండా, వెళ్లి ముందు కూర్చున్నాడు.

ఆ తరవాత పదకొండేళ్లు కలిసి వేటకు వెళ్లాం. రోజూ చెబుదామనుకునేవాణ్ణి. ఆయనకు తెలుసని నాకు తెలుసు. నా నోటి నుంచి వినాలని ఎదురుచూశాడేమో, అది మాత్రం తెలియదు. అయిదు చుట్లే వేశాను మామా, అనడానికి ఒక్క ఊపిరి చాలు. ఆ మాట బయటికి రావడానికి నాకు అరవై ఏళ్లు పట్టింది, ఆయన నలభై ఏళ్లే ఆగగలిగాడు.