అత్త ముట్టని విస్తరి

భావనపాడులో మహిళామండలి నడిపే మా అత్త, అంటే నాన్న అక్క, ఏ పెళ్లి ప్రధానానికి వెళ్లినా మొదటి బంతిలోనే కూర్చునేది. పెళ్లికూతురు తన నోటితో ఇష్టమని చెప్పేదాకా విస్తరి ముట్టేది కాదు. ఒకరు తినకుండా కూర్చుంటే బంతిలో మిగతావాళ్లు లేవకూడదు మరి.

అరవైల చివర్లో నన్ను మేనమామకు కట్టబెట్టబోయారు. కాదంటే నరికేస్తానన్నాడు నాన్న.

"తినవేటప్పా?" అని ప్రధానం రోజున అత్తని అడిగాడు.

"పిల్లనడిగినావేటిరా?" అంది అత్త.

అన్నాలు చల్లారిపోయాయి. చివరికి నాన్నే నన్ను పిలిచాడు.

"నాకిట్టం నేదు" అన్నాను. అత్త ఆకలితోనే లేచి, నన్ను తన ఇంటికి తీసుకుపోయింది.

రెండేళ్లకు, నాకు నచ్చినవాడితో ప్రధానం. అత్త మళ్లీ అడిగింది. "ఇట్టమే" అన్నాను.

"అయితే సేపల పులుసెయ్యరా. అప్పటి ఆకలింకా ఉన్నాది" అంది నాన్నతో.

ఆవిడ తినడం అయ్యేదాకా బంతి లేవలేదు. నాన్న గరిటె పట్టుకుని పక్కనే నిలబడ్డాడు.