నాలుగు రెట్ల దుర్భిణిలో ఎర్రజింక

ఏప్రిల్ నెలాఖరున ఒక శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటలప్పుడు మేమిద్దరం సింగపూర్‌లో మా బుకిట్ బటోక్ స్టేషన్‌లో రైలెక్కాం. రెండు పెట్టెలు, ఒక భుజం సంచి. సంచిలో కడిగి ఆరబెట్టిన బూట్లున్నాయి. న్యూజిలాండ్‌లో బూట్లకు మట్టి అంటి ఉంటే విమానాశ్రయంలోనే ఆపేస్తారని చదివి, ముందురోజు పాత పళ్ల బ్రష్షుతో అడుగులు రుద్దాను. మట్టి పోయిందో లేదో మా ఆయన వేలితో తడిమి చూశారు.

మేం వెళ్తున్నది వేటకు. ఈ మాట రాయడానికి నాకే ఇబ్బందిగా ఉంది. మాది కాకినాడ. మా ఇంట్లో చేపల్ని తప్ప మరో ప్రాణిని వేటాడి తెచ్చినవాళ్లు లేరు. మా ఆయన సింహాద్రి సంగతి వేరు. ఆయన మలేసియాలో, పేరాక్ వైపు ఒక పామాయిల్ తోటలో పుట్టారు. తాతల కాలంలో విశాఖ వైపు నుంచి కూలికి వెళ్లి అక్కడే ఉండిపోయిన కుటుంబం. లేత మొక్కల్ని అడవిపందులు తవ్విపోస్తుంటే వాళ్ల నాన్న లైసెన్సు తుపాకీతో కాపలా కాసేవాడు. ఆయన వెంట తిరిగి ఈయనకు వేట అబ్బింది. తర్వాత పని కోసం సింగపూర్ వచ్చి, జురాంగ్‌లో ఓడల యార్డులో ఏళ్ల తరబడి క్రేన్ నడిపారు. కళ్లు పాడవడంతో ఆ పని మానేశారు.

అది రెటీనా జబ్బు. చూపు అంచుల నుంచి లోపలికి ముడుచుకుంటూ వస్తుంది. నడిమధ్యన మాత్రం స్పష్టంగానే ఉంటుంది. గొట్టంలోంచి చూస్తున్నట్టన్నమాట. వెలుతురు తగ్గితే ఇక ఏమీ తెలియదు. దీనికి మందు లేదని డాక్టరమ్మ మెల్లగా, రెండుసార్లు చెప్పింది. ఆ రోజు ఇంటికొచ్చాక ఆయన అడిగింది ఒక్కటే. రైఫిల్‌తో కొండ మీద ఒక జింకను వేటాడాలట. కుర్రతనం నుంచీ ఉన్న కోరిక.

"అంత దూరం వెళ్లి మంచుకొండలు చూసొద్దాం, ఈ చంపడం ఎందుకండీ?" అన్నాను.

"కొండలు నువ్వు సూసి సెప్పొచ్చు పద్మా. ఇది మాత్రం నానే సెయ్యాలి" అన్నారు.

ఆ రాత్రే న్యూజిలాండ్‌లో వేటకు తీసుకెళ్లే గైడుల కోసం వెతికాను.

సింగపూర్‌లో తుపాకీ ఇంట్లో పెట్టుకునే ప్రసక్తే లేదు. న్యూజిలాండ్‌లో లైసెన్సు ఉన్న గైడు పక్కనుంటే అతని రైఫిల్‌తోనే వేటాడవచ్చు. గ్రాంట్ అనే గైడుకు ఈయన కంటి సంగతి దాచకుండా రాశాను. మొదట అట్ట గురికి కాల్చి చూపించాలి, అది చూసి తను వద్దంటే వేట లేనట్టే, ఆ షరతుకు ఒప్పుకుంటే రమ్మన్నాడు. చివర్లో ఒక ప్రశ్న అడిగాడు. అతని దగ్గర రెండు రైఫిళ్లున్నాయి. ఒకదాని మీద మూడు నుంచి తొమ్మిది రెట్లు పెద్దదిగా చూపే దుర్భిణి, రెండోదాని మీద అయిదు నుంచి పాతిక రెట్ల దుర్భిణి. జింకలు సాధారణంగా నూట యాభై, రెండు వందల మీటర్లలో దొరుకుతాయి. ఏది సిద్ధం చేయమంటారు?

"పెద్దదే. గుడ్డోడికి పెద్దదే గావాలి" అన్నారు ఈయన నవ్వుతూ.

నాకూ అదే సబబనిపించింది. కానీ ఆ ఆదివారం మా ఇంటి దగ్గరి పాత రాతిగని చెరువు గట్టుకు నడకకు వెళ్లినప్పుడు, పక్షుల్ని చూడటానికి వచ్చిన ఒక చైనీస్ పెద్దాయన ముక్కాలిపీట మీద దుర్భిణి పెట్టుకుని కనిపించాడు. అడిగితే సంతోషంగా పక్కకు జరిగాడు. చెరువు అవతల బండ మీద కొంగ నిలబడి ఉంది. ఈయన కన్ను ఆనించి, రెట్లు పూర్తిగా పెంచి, ఎంతసేపు వెతికినా కొంగ దొరకలేదు. రాయి, నీళ్లు, మళ్లీ రాయి.

"టూ మచ్ జూమ్, అంకుల్. కొంచెం తగ్గించు లాహ్" అని పెద్దాయనే వెనక్కి తిప్పాడు.

అప్పుడు కొంగ దొరికింది. ఈయన కాసేపు చూసి, మళ్లీ కొద్దిగా పెంచి, అడిగారు.

"ముక్కు కనబడతంది. కాళ్లేయి పద్మా?"

కాళ్లు అక్కడే ఉన్నాయి. మామూలు కంటికి దుర్భిణి వలయం నిండా కనిపించేది, ఈయనకు వలయం నడుమ చిన్న బిళ్లంత మాత్రమే కనిపిస్తోందని అప్పుడు అర్థమైంది. బొమ్మ ఎంత పెద్దదైతే ఆ బిళ్లలో అంత చిన్న ముక్క పడుతుంది. చూపు ఎంత మిగిలిందో ఆసుపత్రి యంత్రాల కన్నా ఆ కొంగే మాకు స్పష్టంగా చెప్పింది. మర్నాడు గ్రాంట్‌కు మూడు-తొమ్మిది చాలని రాశాను.

జురాంగ్ ఈస్ట్‌లో రైలు మారాం. చాంగీ విమానాశ్రయానికి వెళ్లాలంటే అక్కడి నుంచి తానా మేరా దాకా ఒకే రైలు, అక్కడ మళ్లీ మారాలి. పెట్టెలుంటే గంటన్నర ముందు బయల్దేరడం మంచిది. మా ఎదురుగా ఆంగ్ మో కియోలో ఉండే హైదరాబాదీ పెద్దాయన కూర్చున్నారు. మా తెలుగు విని పలకరించారు. సంగతి తెలిశాక కళ్లు పెద్దవి చేశారు.

"షికారుకు పోతున్నరా! మా తాత పోతుండె సాబ్, అదిలాబాద్ దిక్కు. దెబ్బ తగిలినంక జానవర్ పడేదాంక దాని ఎంబడి ఇడ్వకపోతుండె అని చెప్తుండె అమ్మీజాన్."

"మా నాన్నా అదే సెప్పేవోడండి. గాయపడ్డదాన్ని ఒగ్గీకూడదని" అన్నారు ఈయన. తర్వాత కిటికీ వైపు తిరిగిపోయారు. ఆయన్ను తొలిచేస్తున్నది అదేనని నాకు తెలుసు. గురి తప్పితే ఫరవాలేదు. సగం తగిలి జింక పారిపోతే, నెత్తుటి జాడ పట్టి వెతకడానికి ఆయనకు కళ్లు లేవు.

విమానం రాత్రంతా ఎగిరి, పొద్దున పది దాటాక క్రైస్ట్‌చర్చ్‌లో దిగింది. తిండి ఏదున్నా కాగితం మీద రాసి చూపించాలి. నా మసాలా పొట్లాలు, ఆవకాయ సీసా, బూట్లు అన్నీ తనిఖీ చేసి పంపేశారు. కారు నేనే నడిపాను. అక్కడా ఎడమ వైపే కాబట్టి సింగపూర్ వాళ్లకు కష్టం ఉండదు. దారిలో ఒక చిన్న ఊళ్లో ఆగి, "మకాన్ ఏటి?" అని ఈయన తన మలయా మాటలో తిండి సంగతి అడిగితే, మాంసం కూరి కాల్చిన 'పై'లు రెండు కొన్నాను. వేడిగా బాగున్నాయి. చల్లటి గాలి, ఆకులు పసుపు రంగుకు తిరిగిన పోప్లర్ చెట్లు, దూరంగా తెల్లటి కొండల వరస. ఒక్కొక్కటే చెబుతూ నడిపాను. "ఊఁ" అంటూ విన్నారు. మధ్యాహ్నం మూడింటికి ఫెయిర్లీ అనే ఊరు దాటి గ్రాంట్ పొలానికి చేరాం. బస అక్కడే, గొర్రెల కొట్టం పక్కన రెండు గదుల చెక్క ఇల్లు. కట్టెల పొయ్యి ఉంది. దుప్పట్లు సరిపోలేదు, ఉన్నితో చేసినవి ఇంకో రెండు తీసుకెళ్లండి.

గ్రాంట్ యాభై దాటిన, తక్కువ మాట్లాడే మనిషి. ఆ సాయంత్రమే అట్ట మీద గీసిన గుండ్రాలకు ఈయన చేత కాల్పించాడు. మొదట వంద మీటర్లు, తర్వాత రెండు వందలు. రెండు రైఫిళ్లూ పట్టించాడు. పెద్ద దుర్భిణిలో ఈయన గుండె కొట్టుకోవడం కూడా పెద్దదై, గురి గీతలు అట్టంతా ఊగాయట. చిన్నదాన్ని నాలుగు రెట్లకు తిప్పుకుని కాల్చిన గుళ్లన్నీ నా అరచేతి వెడల్పులో పడ్డాయి. గ్రాంట్ అట్ట దగ్గరికి వెళ్లి చూసి, తిరిగొచ్చి, "ఎండ ఉంటేనే వెళ్దాం" అన్నాడు. అంతే, ఒప్పుకున్నట్టే.

మర్నాడు మబ్బు. మధ్యలో ఎండ రావచ్చని గ్రాంట్ అంటే కొండ ఎక్కాం. రోజంతా ఏమీ కనిపించలేదు. దిగుతుండగా, వెలుతురు పలచబడే వేళ, లోయ అవతల పొదల్లోంచి జింకలు బయటికొచ్చాయి. నాకు మామూలు కళ్లకే కనిపిస్తున్నాయి. గ్రాంట్ చెయ్యి చాచి చూపించాడు. ఈయన తల అటూ ఇటూ తిప్పుతూ, "ఏది? ఎక్కడ?" అంటున్నారు. అవి మేస్తూ మేస్తూ పొదల్లోకి వెళ్లిపోయేదాకా అడుగుతూనే ఉన్నారు. వెళ్లిపోయాయని నేను చెప్పలేదు. ఇక చీకటి పడిందని మాత్రం చెప్పాను.

మూడో రోజు ఎండ కాసింది. పదకొండు దాటాక, ఉత్తరపు వాలు మీద ఒక ఆడ ఎర్రజింక గుంపు నుంచి విడిగా మేస్తూ కనిపించింది. నూట ఎనభై మీటర్లని గ్రాంట్ కొలిచి చెప్పాడు. ఈయన బోర్లా పడుకుని, సంచి మీద రైఫిల్ ఆనించారు. నేను వెనక మోకాళ్ల మీద కూర్చుని చేతి దుర్భిణి పట్టుకున్నాను.

"రెట్లు పెంచుకో" అన్నాడు గ్రాంట్ గుసగుసగా.

ఈయన తల అడ్డంగా ఊపారు. "ఒద్దు. ఇప్పుడు మొత్తం కనబడతంది." రైఫిల్ కర్రకు చెంప ఆనించారు. "బాగుంది పద్మా. సెవులు తిప్పతంది" అన్నారు నాతో తెలుగులో.

తర్వాత పేలింది. జింక ఒక్క ఎగురు ఎగిరి, వాలు పైకి పరుగెత్తి, గట్టు దాటి మాయమైంది.

ఈయన రైఫిల్ గ్రాంట్ చేతికిచ్చేసి లేచి కూర్చున్నారు. ముఖం బూడిదలా ఉంది.

"తగిలిందా? నాకు కొండ తప్పించి ఏటీ కనబళ్లేదు. తగిలిందా పద్మా?"

"పరుగెత్తిందండీ" అన్నాను. అబద్ధం చెప్పలేకపోయాను.

"పొట్టలో తగిలుంటది. ఎక్కడో పడి సస్తా ఉంటది. నానెలాగ ఎతుకుతాను?"

ఆయన లేచి వాలు వైపు అడుగేయబోయారు. జబ్బు పేరు చెప్పినప్పుడు కూడా ఆయన ఇంత కంగారు పడలేదు. దెబ్బ తగిలిన చప్పుడు తను విన్నానని, కొంచెం ఆగి వెళ్దామని గ్రాంట్ నచ్చజెప్పాడు. ఆ ఆగడం చాలా కష్టమైంది. తర్వాత గ్రాంట్ సంచి పట్టీ పట్టుకుని ఈయన, వెనక నేను, గడ్డి దుబ్బుల మధ్య ఎక్కాం. ఎన్నిసార్లు తూలారో చెప్పలేను. కిందపడిన ప్రతిసారీ "పద, పద" అనేవారు.

గట్టు దాటాక గ్రాంట్ కుడివైపు వెళ్లాడు. మేమిద్దరం నేరుగా నడిచాం. ఈయన నాకన్నా నాలుగడుగులు ముందు, చూపు దూరంగా నిలిపి, ఒక్కో పొదనూ గాలిస్తూ పోతున్నారు. అప్పుడు నాకు జింక కనిపించింది. ఎత్తయిన గడ్డిలో పక్కకు ఒరిగి పడి ఉంది, అప్పటికే చనిపోయి. భుజం వెనక చిన్న గాయం. సరిగ్గా తగలాల్సిన చోటే. ఈయన దాని పక్క నుంచే వెళ్లారు. చెయ్యి చాస్తే అందేటంత దగ్గర. ఆగలేదు. దూరంగా చూస్తూ ఇంకా ముందుకు నడుస్తున్నారు.

నేను జింక దగ్గరే ఆగిపోయాను.

"ఏమండీ, ఆగండి. వెనక్కి రండి. మీ పక్కనే ఉంది."

ఆయన ఆగి, వెనక్కి తిరిగి, తల వంచి వెతికారు. ముందు చెవి దొరికింది. తర్వాత మెడ. తర్వాత కళ్లు. ముక్కముక్కగా దాన్ని పోగుచేసుకున్నట్టు చూశారు. మోకాళ్ల మీద కూలబడి, ఇంకా వెచ్చగా ఉన్న మెడ మీద చెయ్యి వేశారు.

"బాధపడలేదండీ. ఒక్క దెబ్బకే" అన్నాను.

"అది సరే. ఇంత దగ్గరున్నదాన్ని సూడలేపోనాను పద్మా."

అప్పుడు ఏడ్చారు. గ్రాంట్ వచ్చి, టోపీ తీసి, దూరంగా నిలబడ్డాడు.

మాంసం సింగపూర్‌కు తీసుకురావడానికి వీల్లేదు. ఆ సాయంత్రం కొంత మేం వండుకున్నాం, మిగతాది గ్రాంట్ ఇరుగుపొరుగుకు పంచాడు. ఉల్లిపాయ, మిరియాలు, నా మసాలా వేసి కూర చేశాను. నేను కూడా తిన్నాను. ఆయన పళ్లెం చివరిదాకా తుడిచి తిని, "పోయిన నాన్నకి పెట్టినట్టుంది" అన్నారు. ఇంకో రోజు వేటకు డబ్బు కట్టి ఉంది. వద్దన్నారు. ఆ రోజంతా వాకిట్లో ఎండలో కూర్చున్నారు. నేను కొండల గురించి చెబుతూ ఉన్నాను.

తిరుగు విమానం పగటిపూటది. సాయంత్రానికి చాంగీ చేరి, ఆఫీసుల నుంచి వస్తున్న జనంతో కిక్కిరిసిన రైలెక్కాం. ఈ దారిన వెళ్లాలనుకునే వాళ్లకు నేను చెప్పగలిగింది కొంచెమే. రెండు వందల మీటర్ల లోపు వేటకు పెద్ద దుర్భిణి అడగకండి. నాలుగు రెట్లలో జింక చిన్నదిగానే కనిపిస్తుంది, కానీ మొత్తం కనిపిస్తుంది, చుట్టూ కొండతో సహా. అది చూసే రోజులు ఉండగానే వెళ్లండి. మేం సరిగ్గా చివరి రోజుల్లో వెళ్లామని నా అనుమానం. కొండ మీద సంతోషించామా అంటే లేదు. వెళ్లకుండా ఉండాల్సిందా అంటే అదీ కాదు.

క్లెమెంటి స్టేషన్ దాటాక ఆయన నా వైపు వంగారు.

"ఆ తెల్లకర్రతో నడవడం నేర్పే క్లాసు ఉందన్నావు గదా. సోమారం ఎల్దామా?"

ఏడాదిగా నేను ఆ మాటెత్తినప్పుడల్లా ఆయన గదిలోంచి లేచి వెళ్లిపోయేవారు.

"సోమవారం నాకు కుదరదు. మంగళవారం వెళ్దాం" అన్నాను.

జురాంగ్ ఈస్ట్ వచ్చింది. ప్లాట్‌ఫారానికీ రైలుకూ మధ్య సందుంది, జాగ్రత్త అన్నాను. ఆయన నా మోచెయ్యి వెతికి పట్టుకుని దిగారు.