ఓడ గొంతు చెరిపిన చెయ్యి

మార్గశిరం, ఆదివారం. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మా అబ్బాయి ఫ్లాట్.
ఉన్నవారు: నేను, మా అబ్బాయి రఘు, వాడి స్నేహితులు సుష్మ, ఇమ్రాన్.

డైరీ ఇలా మొదలుపెట్టడం ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ నాకు అలవాటు. రోజు, చోటు, ఉన్నవాళ్ళు. ఆ తర్వాతే జరిగిన సంగతి. పాలు విరిగిన రోజులు కూడా నా డైరీల్లో ఉన్నాయి. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం ఎందులోనూ లేదు. రఘుకు ఏడేళ్ళప్పుడు మొదలైన బరువు ఇది. వాడికిప్పుడు చెవుల దగ్గర జుట్టు నెరుస్తోంది. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఒకే ఒక్క ఛానెల్ ఉన్న రోజుల్లో ఒక సైన్స్ ఫిక్షన్ సీరియల్ వచ్చేది. దాని పేరు ఇక్కడ అవసరం లేదు. హిందీలో వచ్చినా తీసింది మా బెంగళూరులోనే. దారి తప్పిన ఒక అంతరిక్ష నౌక, అందులో కొద్దిమంది మనుషులు. ఆ నౌకకు ఒక గొంతు ఉండేది. మనిషి కనిపించదు, గొంతు ఒక్కటే. ఆ గొంతు ఇచ్చినావిడ బడిలో హిందీ టీచరు, పేరు పద్మ. నాతో పాటు ఫ్యాక్టరీలో పనిచేసిన ఓబులేసు భార్య. వాళ్ళు కె.ఆర్.పురంలో ఉండేవారు.

చివరి భాగం ప్రసారం కాకముందే పద్మ జ్వరంతో పోయింది. ఆమె గొంతు మాత్రం ఆ తర్వాత టీవీలో వచ్చింది.

మా వాళ్ళలో వీడియో డెక్కు ఉన్నది నాకొక్కడికే. ఆ చివరి భాగాన్ని క్యాసెట్‌లో రికార్డు చేశాను. ఓబులేసు ప్రతి ఆదివారం మా ఇంటికి వచ్చి దాన్ని వేయించుకుని చూసేవాడు. ఆ భాగంలో ఓడ చనిపోతుంది. మనుషులంతా గాజుపెట్టెల్లో నిద్రపోయాక ఒక్కొక్క దీపమే ఆర్పుతూ, పేరు పేరునా సెలవు తీసుకుని, ఆఖరున తన హిందీలో అడుగుతుంది, "ఇంకా ఎవరైనా మేలుకొని ఉన్నారా?" అని. తెర నల్లబడుతుంది. కాసేపు ఏ చప్పుడూ ఉండదు. తర్వాత ఆ చీకటిలోంచే, "అయితే సరే," అంటుంది. అంతే.

ఆ చీకట్లో ఓబులేసు జవాబు చెప్పేవాడు. "ఉండా, పద్మా."

"అయితే సరే," అనేది ఆమె.

మొదటిసారి నాకు కళ్ళు చెమర్చాయి. తర్వాత తర్వాత ఒళ్ళు జలదరించడం మొదలైంది. ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఖాళీ అతని మాట పట్టేంతే ఉండేది, ఎవరో కొలిచి వదిలినట్టు. ఒక ఆదివారం అతను చేతుల్లో ముఖం దాచుకున్నాడు. మాట రాలేదు. తెర నల్లగానే ఉంది. ఎంతకీ నల్లగానే ఉంది. టేపు ఎవరి కోసమూ ఆగదని నాకు తెలుసు. ఫ్యాక్టరీలో నేను చేసింది కొలతలు సరిచూసే పని, కొలతకు లొంగని దాన్ని నేను నమ్మను. అయినా ఆ రోజు ఆమె ఎదురుచూస్తోందని నాకు అనిపించింది. ఇక తట్టుకోలేక నేనే అన్నాను, "ఉన్నాం," అని.

"అయితే సరే," అంది.

ఆ క్యాసెట్‌ను నా చేత చెరిపించింది భయమేనా? భయం ఉంది. కానీ దాని వెనక ఇంకొకటి కూడా ఉంది, దాన్ని దాచడం ఇప్పుడు అనవసరం. నాకు నా ఆదివారాలు కావాలనిపించింది. నా ఇల్లు ఇంకొకరి చావింటిలా ఉండటం నచ్చలేదు. ఓబులేసు మంచి కోసమే అని కూడా అనుకున్నాను. మూడూ నిజమే కావచ్చు.

ఒక శనివారం మధ్యాహ్నం మా ఆవిడ బజారుకు వెళ్ళింది. రఘు లోపలి గదిలో పడుకున్నాడు. క్యాసెట్‌ను మొదటికి తిప్పి, ఎర్ర బటన్ నొక్కాను. టీవీలో పట్టుపురుగుల పెంపకం గురించి ఎవరో రైతులకు చెబుతున్నారు. అది రికార్డయింది.

పొరపాటున నొక్కానని మీరు అనుకోవచ్చు. అలా కుదరదు. ఆ క్యాసెట్లకు వెనక అంచున ఒక చిన్న ప్లాస్టిక్ రేకు ఉంటుంది. దాన్ని విరిచేస్తే దానిమీద మళ్ళీ ఏదీ రికార్డు కాదు. పద్మ గొంతు భద్రంగా ఉండాలని నేనే విరిచాను. ఆ శనివారం ఆ గుంత మీద సెల్లోటేప్ కత్తిరించి, అంచులు సరిగ్గా అంటేలా గోటితో ఒత్తి అంటించిందీ నేనే.

మర్నాడు ఓబులేసు వచ్చి కూర్చున్నాడు. తెర మీద పట్టుపురుగులు ఆకులు తింటున్నాయి. అతను నా వైపు తిరిగాడు. గుమ్మంలో రఘు నిలబడి ఉన్నాడు. నా నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట!

"మా వాడు ఆ ఎర్ర బటన్ నొక్కేశాడప్పా."

ఓబులేసు లేచి వెళ్తూ రఘు తల మీద చెయ్యి పెట్టాడు. "పోనీలేప్పా, పిల్లోడు. వానికేం తెలుస్తాది." మళ్ళీ మా ఇంటికి రాలేదు. అతను పోయి కూడా చాలాకాలమైంది.

ఆ సాయంత్రం రఘు నా దగ్గరికి వచ్చాడు.

"నేను నొక్కినానా నాన్నా?"

"నువ్వే. మర్చిపోయినావా?"

వాడు నన్ను కన్నార్పకుండా చూశాడు. ఆ చూపుకు అర్థం నాకు అప్పుడు తెలియలేదు. తర్వాత తల ఊపాడు. "అవును. నేనే."

ఆ తర్వాత చాలా రోజులు వాడు స్విచ్చులు ముట్టేవాడు కాదు. లైటు వెయ్యాలంటే అమ్మను పిలిచేవాడు. నేను చూస్తూనే ఉన్నాను. వాళ్ళమ్మ పోయేదాకా ఆమెకు కూడా నిజం చెప్పలేదు.

పెద్దయ్యాక వాడు ఆ సీరియల్ అభిమానుల్ని పోగుచేశాడు. దేశంలో ఎవరింట్లో పాత టేపులున్నాయని విన్నా ఫోన్ చేస్తాడు. దేవనహళ్ళిలో ఇల్లు ఖాళీ చేస్తున్న వాళ్ళ దగ్గర ఒక పెట్టెడు క్యాసెట్లు కొనుక్కొచ్చాడు. అన్ని భాగాలూ దొరికాయి, చివరిది తప్ప. అందరూ దీన్ని వాడి సరదా అనుకుంటారు. వాడు ఏ రుణం తీర్చుకుంటున్నాడో నాకు తెలుసు.

ఈ ఆదివారం ఇమ్రాన్ బాగుచేసిన పాత డెక్కు ఒకటి తెచ్చాడు. టేపులు పాడైపోకముందే కంప్యూటర్‌లోకి ఎక్కిద్దామని వాళ్ళ ఉద్దేశం. రఘు అలమరలోంచి ఆ పట్టుపురుగుల క్యాసెట్ తీశాడు. ఇన్నాళ్ళూ దాచుకున్నాడని నాకు తెలియదు.

"ఏడేళ్ళకే లాస్ట్ ఎపిసోడ్‌ను మర్డర్ చేసిన క్రిమినల్ మా రఘు," అంది సుష్మ.

రఘు నవ్వుతూ ఎప్పటిలా ఆ కథ చెప్పాడు. ఇమ్రాన్ టేపును ఆపకుండా చివరిదాకా పోనిచ్చాడు. పట్టుపురుగులు అయిపోయాయి. తెరంతా చుక్కలు. ఆనాడు నేను ఆపింది కాస్త ముందే కాబోలు, ఒక చిన్న ముక్క మిగిలింది. దాన్ని ఇన్నేళ్ళలో ఎవరూ చూడలేదు.

"ఇంకా ఎవరైనా మేలుకొని ఉన్నారా?"

తెర నల్లబడింది. నా పక్కన రఘు పెదవులు కదిలాయి. వాడు ఎప్పుడూ మాట్లాడే గొంతు కాదది. అచ్చం ఓబులేసు గొంతు.

"ఉండా."

"అయితే సరే," అంది పద్మ.

సుష్మ చేతులు రుద్దుకుంది. ఇమ్రాన్ క్యాసెట్ బయటికి తీసి తిప్పి చూశాడు.

"ఇదేందిరా, గుంత మీద సెల్లోటేప్ అంటించి ఉండాది? ఇది తెలిసినోళ్ళు చేసే పని కదా. ఏడేళ్ళకే ఇంత టెక్నిక్ ఎట్ల నేర్చుకుంటివి?"

"ఏమోరా. అదీ నేనే చేసుంటా."

"పుట్టు క్రిమినల్," అంది సుష్మ.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అక్కడే చెప్పి ఉండవచ్చు. నవ్వాను.

మర్నాడు పొద్దున రఘు దోసెలు వేస్తూ నా ప్లేటు తెచ్చి ఎదురుగా పెట్టాడు. అప్పుడు చెప్పాను. బజారు, సెల్లోటేప్, శనివారం, అన్నీ. ఎక్కడా తగ్గించలేదు. వాడు విని నా భుజం మీద చెయ్యి వేశాడు.

"నాన్నా, ప్లీజ్. ఇన్నేళ్ళయినాక నా మీద జాలితో ఇదంతా అల్లొద్దు."

"అల్లడం కాదురా."

"నాకు కళ్ళకు కట్టినట్టు ఉండాది. ఎర్ర బటన్, దాని మీద వేలు. టక్కుమని లోపలికి పోయింది. వాచీ స్టీలు చైను డెక్కుకు తగిలి గీసుకుంది. ఆ సౌండు కూడా..."

వాడు ఆగాడు.

ఏడేళ్ళ పిల్లవాడికి చేతి గడియారం ఎక్కడిది? ఆ ఇంట్లో గడియారం పెట్టుకునేది నేనొక్కడినే.

వంటింట్లోంచి మాడు వాసన వచ్చింది. వాడు వెళ్ళి స్టవ్ కట్టేశాడు. తిరిగి రాలేదు. నాకు వీపు పెట్టి అక్కడే నిలబడ్డాడు.

"నేను తలుపు దగ్గర ఉన్నాను, కదా?" అన్నాడు.

"తెలీదు రఘూ. నేను వెనక్కి తిరిగి చూడలేదు."

వాడు చూశాడు. కళ్ళతో నన్ను చూసి, మర్నాడు నా మాట విని, రెంటిలో నా మాటనే నమ్మాడు. నేను చెరిపింది టేపును ఒక్కదాన్నేనా?

క్షమించమని అడగలేదు. అడిగితే వాడు క్షమిస్తాడేమోనని భయం వేసింది. వాడు బ్యాగు తీసుకుని ఆఫీసుకు వెళ్ళిపోయాడు. లిఫ్టు కిందికి దిగిన చప్పుడు విని ఇది రాయడానికి కూర్చున్నాను.

పద్మ గొంతును చెరిపింది నేను. రఘు కాదు.

రాశాను. ఊపిరి లోపలిదాకా వెళ్తోంది.